ఖాళీ బండి మోత

మా పికప్ వెనకనుంచి ‘కటక్’ మంటోంది. కిర్రు కాదు, కటకటా కాదు, ఒక్క కటక్. గుంతలో దిగితే ఒకటి, ఎక్కితే ఒకటి. రుద్రంగి నుంచి కోరుట్ల దాకా ఎన్ని గుంతలున్నాయో తెలుసుకోవాలంటే నా పక్కన కూర్చుంటే చాలు, బండే లెక్క చెప్తుంది.

పాత బండి అన్నాక మోతలుండవా అంటారు. ఎందుకుండవు? తలుపు మోత నాకు తెలుసు, డాలా గొలుసు మోత తెలుసు. డ్యాష్‌బోర్డు లోపల ఏదో ఎప్పటినుంచో గలగలమంటోంది, అది ఆగితేనే నాకు భయం. ఈ కటక్ మాత్రం అప్పులవాడు వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది.

బండి నంబరు ఇంకా ఏపీ 15. ఆ నంబరు పడ్డ రోజుల్లో రుద్రంగి చందుర్తి మండలంలో ఒక ఊరు, జిల్లా కరీంనగర్. 2014లో రాష్ట్రం మారింది. 2016 దసరా నాడు ఊరే మండలమైంది, జిల్లా రాజన్న సిరిసిల్ల అయింది. నంబరు ప్లేట్ల మీదికి టీఎస్ వచ్చింది, 2024లో అదీ పోయి టీజీ వచ్చింది. నేను మాత్రం అదే ఏపీ 15 కింద, వేపచెట్టు నీడలో, బొంత పరుచుకొని, గ్రీజు గన్ పట్టుకొని వెల్లకిలా పడుకొని ఉన్నాను.

ఇంటి ముందు జాకీ ఎక్కించామంటే వాడకంతా కబురు పోయినట్టే. మా దిక్కున గల్ఫ్ పోనివాడి ఇల్లు వెతికి చూపించాలి. వచ్చినవాళ్లలో ప్రతివాడూ దుబాయ్‌లోనో సౌదీలోనో స్టీరింగ్ పట్టినవాడే. ముందు ఒకసారి వంగి కిందికి చూస్తారు. లేచి నడుం పట్టుకుంటారు. తర్వాత ఆ మాట వస్తుంది: “అదే హైలక్స్ అయితేనా...”

ఇక్కడ హైలక్స్ గురించి కొంచెం చెప్పాలి. కొంచెమే. టొయోటా వాళ్లు జపాన్‌లో ఆ పికప్‌ను 1968లో మొదలుపెట్టారట. 1987లో చాడ్ సైనికులు టొయోటా పికప్‌లకు క్షిపణులు కట్టుకొని లిబియా ట్యాంకుల మీదికి పోయి గెలిచారు, దానికి టొయోటా యుద్ధమనే పేరే పడింది. 2003లో బీబీసీ టీవీలో ‘టాప్ గేర్’ వాళ్లు ఒక పాత డీజిల్ హైలక్స్‌ను పట్టుకొని చంపాలని చూశారు. చెట్టుకు గుద్దారు. సముద్రపు పోటులో ముంచారు. ఇనుప గుండుతో కొట్టారు, నిప్పు పెట్టారు. ఆఖరుకు ఒక బహుళ అంతస్తుల భవనం మీద నిలబెట్టి ఆ భవనాన్నే పేల్చేశారు. శిథిలాల్లోంచి తీసి, నాలుగు పానాలతో ఏదో బిగిస్తే, స్టార్టయింది! ఇదంతా నేను చదివి తెలుసుకున్నది కాదు, బండి కింద పడుకొని విన్నది. తర్వాత సెల్‌లో చూస్తే నిజమే, అదే నా బాధ. అబద్ధమైతే ఒక మాట అనేవాణ్ని. పైగా మావాళ్ల కథలు అక్కడితో ఆగవు. ఒకాయన హైలక్స్ ఇసుక తుఫానులో పూడిపోయి, వారానికి తవ్వి తీస్తే ఏసీ ఇంకా చల్లగా వస్తోందట. ఇంకొకాయనది ఒంటెను గుద్దింది. ఒంటెకే రిపేరు. 2022లో హైలక్స్ మన దేశానికీ వచ్చింది కదా, కొనరాదా అన్నాను ఒకసారి. వచ్చినప్పుడు దాని ధర దగ్గర దగ్గర ముప్పయి నాలుగు లక్షలు. అందరూ నా కమాన్ల వైపు తిరిగారు.

వైద్యం సాగింది. బుష్‌లన్నారు, మార్చాను. షాకబ్జర్లన్నారు, మార్చాను. యూ బోల్టులు బిగించాను. జాయింట్ షాఫ్ట్ క్రాస్ అన్నారు, కోరుట్ల పోయి తెచ్చి వేశాను. కటక్ మాత్రం కదల్లేదు. మా అబ్బాయి ఒక్కడే వేరే దారి చెప్పాడు: “డాడీ, మ్యూజికల్ హారన్ పెట్టిద్దాం, మోత వినపడదు.” పలు రాగాల హారన్లు వద్దని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 119వది చెప్తుందన్నాను. వాడు నన్ను చూసిన చూపు ఆ నియమాల్లో లేదు.

రోగం పట్టుకున్నది మా మామ. వడ్ల బస్తాలతో వచ్చిన రోజు నా పక్కన కూర్చున్నాడు. ఇంటిదాకా మాట్లాడలేదు. దిగి అన్నాడు: “అల్లుడా, లోడుంటే మోగుతలేదు గదరా!”

నిజమే. పాత ఓనరు ఎక్కువ బరువు లాగాలని కమాన్ కట్టకు అదనంగా పట్టీలు వేయించాడు. బరువు పడితే పట్టీలన్నీ ఒకదానికొకటి అదుముకొని కిమ్మనవు. ఖాళీగా పోతే ఆ అదనపు పట్టీ వదులై, ఎగిరినప్పుడల్లా క్లిప్పుకు కొట్టుకుంటుంది. తీసేద్దామా అంటే, వడ్ల కాలంలో బండి వెనక్కి కూర్చుంటుంది. ఉంచుదామా అంటే, ఏడాదిలో ఎక్కువ రోజులు నా బండి ఖాళీగానే తిరుగుతుంది. కిరాయి ఒకవైపే ఇస్తారు, డీజిల్ రెండువైపులా తాగుతుంది. ఈ మాట ఎవరితో అన్నా “పాత బండి ఎందుకు కొన్నవ్?” అంటారు. కొత్తదానికి కిస్తీ మీరు కడతారా?

మామ సౌదీలో ఏండ్ల తరబడి అక్కడి యజమాని (కఫీల్) హైలక్స్ నడిపాడు. గొర్రెల దాణా, నీళ్ల ట్యాంకు, కఫీల్ పిల్లల బడి. ఆ పిల్లలు ఏ ఏట ఎంతున్నారో చెప్తాడు. తన పిల్లల సంగతి వస్తే అత్త వైపు చూస్తాడు. అక్కడ దాచిన పైసలు ఇల్లుకూ బిడ్డ పెండ్లికీ సరిపోయాయి, బండికి మిగల్లేదు. బండ్లను కంటితో కాదు, చెవితో ఎరిగిన మనిషి, ఇప్పుడు రోజూ పొద్దున చాయ్ తాగి నా వాకిట్లోకి వచ్చి పానాలు సైజు ప్రకారం పేర్చి పెడతాడు. జాకీ ఎక్కించని రోజు కూడా వస్తాడు. అప్పుడేం చేయాలో ఇద్దరికీ తోచదు.

వచ్చే నెల ఫిట్‌నెస్ చేయించాలి. ఎనిమిదేండ్లు దాటిన సరుకు బండికి ఏటా తప్పదు. ఖాళీ బండితోనే పోవాలి. అంటే తనిఖీ చేసే సారు ముందు, ఆ ఆఫీసు ఆవరణలో ఎన్ని ఎత్తుపల్లాలుంటే అన్ని కటక్‌లు. ఈ సంగతే మామతో అంటే అర నిమిషం ఆలోచించాడు.

“నేనొస్త తీ. బండి కదిలిందంటే సారుకు హైలక్స్ ముచ్చట షురూ చేస్త. ఇంకేం వినపడది.”