పాసుంటే చెప్పండి, బతికిద్దాం

మా ఊళ్ళో నాటకమంటే ప్రాణమివ్వని మనిషి లేడు. నాటకానికి యాభై రూపాయలిచ్చిన మనిషి మాత్రం నాకింతవరకు తారసపడలేదు. ప్రాణం చవకేమో తెలియదు.

ఈ ప్రేమకు నిలువెత్తు రూపం మా అభిమాని గారు. పేరెందుకులెండి, ఊరికొకరుంటారు. తెనాలి వైపైతే వీధికొకరు. గంజి పెట్టిన లాల్చీ, భుజాన కండువా, నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఓ ప్రసంగం. గోడమీద నాటకం పోస్టరు పడిన సాయంత్రానికే మన ఫోను మోగుతుంది.

"ఏమండీ, ఆదివారం కళాక్షేత్రంలో నాటకమటగా? ఓ నాలుగు పాసులు చూడండి. మా తోడల్లుడు వాళ్ళు కూడా వచ్చారు."

"ప్రవేశం ఉచితమేనండీ, పాసుల్లేవు."

"అదేవిటండీ! పాసు లేకపోతే ముందు వరుసలో ఎలా కూర్చోబెడతారు?"

చూశారా చిక్కు? ఉచితం ఊరందరికీ అయినప్పుడు ఆయన గౌరవం ఏం కావాలి? అందుకని ఉచితంలోనూ ఆయనకు మరో మెట్టు పైనున్న ఉచితం కావాలి.

ఇదే మనిషి కిందటి నెల కుటుంబ సమేతంగా మల్టీప్లెక్సుకు వెళ్ళి, టికెట్టు ధరను మించిన పాప్‌కార్న్ కొని, ఇంటర్వెల్‌కే నిద్రపోయి, బయటికొచ్చి "సినిమా తేలిపోయింది" అన్నారు. అంతే, అక్కడితో మర్చిపోయారు. అదే నాటకంలో ఓ నటుడు ఒక్క మాట తడబడితే చాలు, నిర్వాహకుణ్ణి మెట్ల దగ్గర ఆపి అరగంట పాఠం చెబుతారు. డబ్బు పెట్టిన చోట సహనం, పెట్టని చోట సమీక్ష. వినియోగదారుల రక్షణ చట్టంలో ఇలాంటి సెక్షన్ ఉన్నట్టు లేదు.

టికెట్టు మాటెత్తితే ఆయన కళ్ళు చెమరుస్తాయి. "కళను అమ్ముకుంటారుటండీ?" అంటారు. ఎంత గొప్ప మాట! కాకపోతే ఈ మాట ఆయన మైకుసెట్టు కుర్రాడితో అనరు. హాలు అద్దె కట్టించుకునే గుమాస్తాతో అనరు. లైట్లవాడు, వ్యాను డ్రైవరు, బ్యానరు ప్రింటు చేసినవాడు, పూలదండలవాడు, చివరికి శాలువా అమ్మిన కొట్టువాడు, వీళ్ళందరికీ లెక్కగట్టి ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే సాయంత్రం నాటకం లేదు. ఇంతమందికీ ఇచ్చాక, ముఖాన రంగు పూసుకుని నెల రోజులు రిహార్సల్సు చేసినవాడి దగ్గరికి వచ్చేసరికి అది హఠాత్తుగా కళైపోతుంది. కళ కాబట్టి బస్సు ఛార్జీలు కూడా వాడివే.

మరి తెలుగువాడెన్నడూ నాటకానికి డబ్బివ్వలేదా అంటే, చరిత్ర అభిమాని గారి పక్షాన లేదు. 1885లో కడప జిల్లా సురభి అనే పల్లెలో వనారస గోవిందరావు గారి కుటుంబం కీచకవధ ఆడి మొదలుపెట్టిన సంసారం నూట ముప్పై ఏళ్ళు దాటినా సాగుతోంది. సంసారం అని ఊరికే అనడం లేదు. వంటా, పెళ్ళీ, పురుడూ అన్నీ తెర వెనకే. ఉయ్యాల్లో పిల్ల ఆ ఏడాదే బాలకృష్ణుడవుతుంది, ఇంకో ఇరవయ్యేళ్ళకు శశిరేఖ. వాళ్ళ మాయాబజార్‌లో లడ్డూలు గాల్లో ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తుంటే ఈనాటి పిల్లలు కూడా సెల్‌ఫోను ఒళ్ళో పెట్టుకుని నోరు తెరుచుకుని చూస్తారు. ఆ లడ్డూల వెనక తీగ లాగేవాడి కడుపు నింపింది ఏ శాలువా? డేరా ముందు కూర్చుని నేల, బెంచీ, కుర్చీ అని చింపి ఇచ్చిన టికెట్టు ముక్కలే నింపాయి.

పల్లెల్లోనూ అంతే. తిరునాళ్ళకు పద్యనాటకం కాంట్రాక్టు మాట్లాడితే ఊరు చందాలేసుకుని ఇచ్చేది. హరిశ్చంద్రుడు కాటి సీనులో పద్యం అందుకుంటే వన్స్‌మోర్లు, వన్స్‌మోర్ వెనకే చదివింపులు. "ఫలానా రైతు గారు ఈ పద్యానికి పది రూపాయలు" అని మైకులో వినబడాలి. రెండో వీధి ఆసామి ఊరుకుంటాడా, ఇరవై చదివిస్తాడు. ఇందులో కళాహృదయం ఎంత, పౌరుషం ఎంత అని విడదీయకండి, డబ్బు చేరాల్సిన చేతికి చేరింది. కృష్ణ రాయబారానికి ఒక కృష్ణుడు చాలక, పడక సీనుకొకరు, రాయబారానికొకరు అని ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని పిలిపించి పోటీ పెట్టి మరీ ఆడించుకున్న జాతి మనది. ఆ రోజుల్లో ఎవరూ కృష్ణుణ్ణి పాసడగలేదు.

ఉచితం అనే జబ్బు మరెక్కణ్ణుంచి అంటుకుంది? చెబితే నా స్నేహితులకే కోపం వస్తుంది, అయినా చెబుతాను. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల నుంచి. పరిషత్తులు చేసిన మేలు చిన్నది కాదు. సినిమా వచ్చి మీద పడ్డాక దశాబ్దాలపాటు సాంఘిక నాటకానికీ నాటికకూ నీడ ఇచ్చింది అవే. దాతలు ఇచ్చారు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సెలవులు పెట్టి ఆడారు, ఊరు కూర్చుని చూసింది. కాకపోతే ఏళ్ళ తరబడి ఊరికే చూసేసరికి ప్రేక్షకుడికి తన అవసరం లేదని అర్థమైపోయింది. నిజమే, లేదు. నాటిక ముందు వరుసలో బల్ల వేసుకు కూర్చున్న ముగ్గురు న్యాయనిర్ణేతల కోసం ఆడతారు. గంట దాటితే మార్కులు పోతాయి కాబట్టి వెనక వరుస నవ్వితే నటుడు హడలిపోతాడు, ఆ నవ్వుకు ఆగాలంటే అర నిమిషం ఎక్కణ్ణుంచి తేవాలి? ఆ హడావిడిలో నాలుగు డబ్బులు చూసేవాళ్ళు పాత్రకింత అని మాట్లాడుకుని వచ్చే నటీమణులే. ఒకే పరిషత్తులో సాయంత్రం ఒక నాటక సమాజానికి తల్లి, రాత్రికి మరో సమాజానికి కోడలు, తెల్లవారి బస్సులో ఇంకో ఊరు. ఇచ్చేది పెద్ద మొత్తమేమీ కాదు, అయినా "ఆవిడ డబ్బు మనిషండీ" అని మన అభిమాని గారు వాపోతారు.

సర్కారు సంగతి వేరే చెప్పాలి. నాటకం టికెట్టు అయిదు వందల రూపాయల దాకా ఉంటే జీఎస్టీ లేదు. ఎంత ఉదారత! సున్నా మీద పన్ను రాబట్టే సూత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కదా. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది, సుబ్బిశెట్టి పాత్ర మమ్మల్ని కించపరుస్తోందని ఒక సామాజికవర్గం మొరపెట్టుకున్నాక. ఆ మొర తీసిపారేసేది కాదు, కాళ్ళకూరి నారాయణరావు గారు రాయని మాటలు ఎన్నో ఆ పాత్ర నోట కాలక్రమంలో చేరాయి. నేను చెప్పేది మరొకటి. నాటకాన్ని జనం ఇంకా చూస్తున్నారని ఈ మధ్యకాలంలో అధికారికంగా ఒప్పుకున్న కాగితం నాకు తెలిసి ఆ ఉత్తర్వొక్కటే.

మిగతా కాలమంతా శాలువాలదే. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. 1880లో ఆయన రాజమండ్రిలో తన విద్యార్థుల చేత నాటకం వేయించినప్పుడు ముందుగా ఎన్ని ఉపన్యాసాలు జరిగాయో గానీ, ఇప్పుడు మాత్రం ఆరున్నరకు నాటకం అని వేస్తే ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలన. తర్వాత వేదిక మీదికి ఆహ్వానాలు. పదకొండు కుర్చీలు వేస్తే పద్నాలుగు మంది ఎక్కుతారు. ఒక్కొక్కరూ "సమయాభావం వల్ల" అని మొదలుపెట్టి నాటకం చచ్చిపోతోందని తీరిగ్గా చెబుతారు. ఆ చచ్చిపోతున్నది తెర వెనక కిరీటం పెట్టుకుని, మీసం జిగురు ఊడిపోతుంటే వేలితో అదిమి పట్టుకుని నిలబడి ఉంటుంది. దాన్నే ఓసారి ముందుకు పిలిచి శాలువా కప్పి, మెమెంటో చేతికిచ్చి, ఫోటో తీసి మళ్ళీ లోపలికి తోసేస్తారు. తొమ్మిదింటికి తెర లేస్తుంది. అప్పటికి వక్తలంతా వెళ్ళిపోయి ఉంటారు, వాళ్ళతోపాటు వాళ్ళ కారు డ్రైవర్లూ. ప్రేక్షకుల్లో నిజంగా చూద్దామని వచ్చింది ఆ డ్రైవర్లే అని నా అనుమానం.

నాకు తెలిసిన ఓ హార్మోనిస్టు ఇంట్లో ముప్ఫై దాకా శాలువాలున్నాయి. ఒకటి పెట్టె మీద కప్పాడు, రెండు కిటికీలకు కట్టాడు. "మిగతావి ఇస్త్రీ బండివాడికి ఇద్దామంటే వాడు కూడా వద్దన్నాడండీ, జారిపోతాయట" అన్నాడు. ఆయన నవ్వుతూనే చెప్పాడు, నేనే నవ్వలేకపోయాను.

దాదర్‌లో శివాజీ మందిర్, పుణేలో బాలగంధర్వ రంగమందిర్ దగ్గర మరాఠీవాళ్ళు నాటకానికి టికెట్టు కొని కూర్చుంటారని చెబితే అభిమాని గారు "వాళ్ళకు సంస్కృతి ఉందండీ" అని నిట్టూరుస్తారు. మనకు లేనిది సంస్కృతే అన్నట్టు. జేబులో పర్సు తీసే కండరం ఒకటి ఉంటుంది, నాటకం ఎదురుపడగానే మనకు అది పట్టేస్తుంది, అంతే.

మొన్న సురభివాళ్ళు వచ్చారు. మాయాబజార్. నేనే రెండు టికెట్లు కొందామనుకుని, దారిలో కదా అని అభిమాని గారింటి ముందు ఆగాను. గుమ్మంలోకి వచ్చి నా మాట విని, నేనేదో అనరాని మాట అన్నట్టు ఒకడుగు వెనక్కి వేశారు.

"టికెట్టా? నాకా? నేను నాటకాభిమానినండీ!"