చరిత్ర ప్రాజెక్టుకు మార్కులు వేసే అధికారి గారికి

మహారాజశ్రీ అధికారి గారి సముఖమునకు, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా ఉసూర్ బ్లాకు బాసగూడ నుంచి, తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి తండ్రి వ్రాసుకొను విన్నపము.

తమరు పంపిన ప్రాజెక్టు ఫారం అందింది. ఏదైనా ఒక చారిత్రక విపత్తును పరిశోధించి రాయమన్నారు. కింద గళ్ళు గీసి ఇచ్చారు. జరిగిన తేదీ, కారణం (ప్రకృతా, మనిషా, ఏదో ఒకదానికే టిక్కు), చనిపోయినవాళ్ళ సంఖ్య, ప్రభుత్వం చేసిన సహాయం, నేర్చుకున్న పాఠం. చివర రెండు ఆధారాలు, అవి అచ్చయినవే అయి ఉండాలి. గళ్ళు ఎంత పొందిగ్గా ఉన్నాయో! మా అమ్మాయి వాటి పక్కన పువ్వులు కూడా వేసింది.

మాదిరికి భోపాల్ గ్యాస్ ఇచ్చారు. 1984 డిసెంబర్ 2 రాత్రి అని రాస్తే మొదటి గడి నిండిపోతుంది. చనిపోయినవాళ్ళ గడి దగ్గర భోపాల్ వాళ్ళు నేటికీ సర్కారుతో తగువు పడుతూనే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

మా నాన్న గోదావరి వరద రాయమన్నాడు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. మా ఊరి పక్కన పారే తాలిపేరు చర్ల మీదుగా పోయి ఆ గోదావరిలోనే పడుతుంది గనక అందులో మన నీళ్ళూ ఉన్నాయని ఆయన గర్వం. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నీళ్ళే వచ్చి తమ ఎత్తు చెప్పి పోతాయి. తమరి ఫారానికి అంతకన్నా అనువైన విపత్తు ఉండదు.

పిల్ల వినలేదు. మన ఊరు ఖాళీ అయిన సంగతే రాస్తానంది. ఇక చూస్కోండి మా తిప్పలు.

తేదీ గడిలో ఏం రాయాలి? మావోయిస్టులను తరమడానికని సర్కారు అండతో లేచిన సల్వా జుడుం 2005 జూన్‌లో కుట్రు వైపు మొదలైంది. ఏడాది తిరిగేసరికి తాలిపేరు దాకా వచ్చింది. జుడుంలోకి రానివాడు మావోయిస్టు దళం మనిషి, వచ్చినవాడు పోలీసు మనిషి. మధ్యలో ఉప్పు, చింతపండు అమ్ముకునేవాడు ఎవరి మనిషో ఎవరూ తేల్చలేదు. ఇటు నుంచి వచ్చినవాళ్ళూ కొట్టారు, అటు నుంచి వచ్చినవాళ్ళూ చంపారు. 2006లో ఊరే లేచిపోయింది. కొందరు క్యాంపులకు, కొందరు అడవిలోకి, మాలాంటివాళ్ళు చర్ల వైపు. చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ పెద్దదైన మా సంత ఆగిపోయింది. జగర్‌గుండ రోడ్డు మీద గడ్డి మొలిచింది. ఇందులో ఏ రోజును 'జరిగిన తేదీ' అనమంటారు? అమ్మాయి '2005 నుంచి' అని రాసి, 'వరకు' అన్న చోట గీత గీసి వదిలేసింది. దానికి మార్కు తగ్గించవద్దని మనవి.

కారణం గడి దగ్గర పెద్ద పేచీ ఏమీ రాలేదు. ప్రకృతి ఏ పాపమూ చెయ్యలేదని అందరం ఒప్పుకున్నాం. మనిషి దగ్గర టిక్కు పెట్టాక, ఏ మనిషి అని అడిగింది. ఫారంలో ఆ గడి లేదమ్మా అన్నాను.

చనిపోయినవాళ్ళ సంఖ్యకు ఒక్క గడే ఇచ్చారు, అదీ మూడంకెలు పట్టేంత. 2006 జులైలో ఎర్రబోరు క్యాంపు మీద మావోయిస్టులు పడ్డప్పుడు పోయినవాళ్ళు ముప్ఫై మందికి పైనే. 2007 మార్చి 15న రాణిబోదిలిలో 55 మంది, ఎక్కువమంది ఎస్పీవోలే (ప్రత్యేక పోలీసు అధికారులు). 2012 జూన్ 28 రాత్రి మా పక్క సర్కేగూడలో 17 మంది. 2021 ఏప్రిల్ 3న జోనగూడ దగ్గర 22 మంది జవాన్లు. వీటిని కలిపి రాయాలా, విడివిడిగా రాయాలా? కలిపితే చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ ఒకే గడిలో పడతారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, ములుగు జిల్లా మిరప తోటల నుంచి నడిచి వస్తూ మా జిల్లా పన్నెండేళ్ళ పిల్ల ఒకతి ఇంటికి కాస్త దూరంలో పడిపోయి చనిపోయింది. ఆ పిల్లను ఈ లెక్కలో రాయాలా, కరోనా లెక్కలోనా అని మా అమ్మాయి అడుగుతోంది. తమరే చెప్పాలి.

సర్కేగూడ గురించి రెండు ముక్కలు ఎక్కువ రాసింది, క్షమించాలి. గడి దాటి మార్జిన్‌లోకి పోయింది. ఊరివాళ్ళు విత్తనాల పండుగ సంగతి మాట్లాడుకోడానికి కూడామన్నారు, బలగాలేమో ఎన్‌కౌంటర్ అన్నాయి. పోయినవాళ్ళలో బడికి వెళ్ళే పిల్లలూ ఉన్నారు. రిటైర్డ్ జడ్జి వి.కె. అగర్వాల్ గారి కమిషన్ వేశారు. ఆ రాత్రికి మా అమ్మాయి పాకుతోంది. కమిషన్ రిపోర్టు 2019లో అసెంబ్లీకి వచ్చేసరికి రెండో తరగతిలో ఉంది. చనిపోయినవాళ్ళు మావోయిస్టులని చెప్పడానికి సాక్ష్యం లేదని, బలగాలు కంగారులో కాల్చి ఉండవచ్చని జడ్జి గారు రాశారు. తమరు అడిగిన అచ్చయిన ఆధారం ఇదొకటి. రెండు కావాలన్నారు కదా, రెండోదీ ఉంది, కింద మనవి చేస్తాను.

ప్రభుత్వం చేసిన సహాయం అన్న గడి మాకు బాగా నచ్చింది. మనుషుల్ని ఊళ్ళ నుంచి తెచ్చి రోడ్డు పక్క రేకుల కింద పెట్టిన చోటుకు సర్కారు పెట్టిన పేరే సహాయ శిబిరం. దంతెవాడ కాగితాల్లో 644 గ్రామాలు జుడుంలో 'చేరాయి'. మా జిల్లా అప్పటికి దంతెవాడలోనే ఉండేది, 2007లో విడిపోయింది. చేరిన ఊరు అంటే, పొయ్యి వెలగని ఊరు. శిబిరానికి పోనివాళ్ళు గోదావరి వైపు అడవుల్లోకి పోయారు. అక్కడ వాళ్ళను గొత్తికోయలంటారు. 2017లో తాడ్వాయి అడవిలో జలగలంచ దగ్గర అటవీ శాఖ వాళ్ళ గుడిసెలు కూల్చింది. అది ఏ ప్రభుత్వ సహాయం కింద రాయాలో తెలియక వదిలేశాం.

నేర్చుకున్న పాఠం గడిలోకి రెండో ఆధారం వస్తుంది. 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారు, జస్టిస్ నిజ్జర్ గారితో కలిసి. ఎస్పీవోల చేత మావోయిస్టుల మీద పోరాటం చేయించడం చెల్లదన్నారు. ఆ ఉద్యోగానికి అయిదో తరగతి పాసైనవాళ్ళకు ప్రాధాన్యం, నెలకు మూడు వేలు. అప్పటికి ఆరున్నర వేల మందిని తీసుకున్నారు. అయిదో తరగతి చదువుకు అన్ని చట్టాల పాఠాలు ఎలా ఎక్కుతాయని కోర్టు అడిగింది. మా అమ్మాయి తొమ్మిది. వయసు సంగతి పక్కన పెడితే, చదువు వరకు ఆ కొలువుకు నాలుగేళ్ళుగా అర్హురాలే. మరి తీర్పు తర్వాత పాఠం ఏమిటంటే, అదే ఏడు రాష్ట్రం కొత్త చట్టం చేసి వాళ్ళను సహాయక సాయుధ పోలీసులుగా మార్చుకుంది. ఇది ఎవరు నేర్చుకున్న పాఠమో ఫారంలో అడగలేదు కనక రాయలేదు.

బళ్ళ గురించి వేరే గడి పెట్టాల్సింది అయ్యా, తమరిది విద్యాశాఖే కదా. బలగాలు బళ్ళలో దిగాయని మావోయిస్టులు పేల్చేశారు, పేల్చేశారని బళ్ళు మూసేశారు. జగర్‌గుండలో బడి పదమూడేళ్ళ తర్వాత 2019లో తెరిచారు. ఆ పదమూడేళ్ళలో తొమ్మిదో తరగతికి రావలసినవాళ్ళ ప్రాజెక్టులకు మార్కులు ఎవరు వేశారో తమరి రిజిస్టర్లో చూడండి.

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తాను. మూడో ఆధారం ఒకటి జత చేశాం. అది అచ్చయింది కాదు. మా నాన్న పద్దుల పుస్తకం. ఎర్ర గుడ్డ అట్ట, ఒక మూల చెదలు తిన్నాయి. ఒక్కో పేజీకి ఒక్కో ఊరు: సర్కేగూడ, కొత్తగూడ, లింగాగిరి, తర్రెం, సిల్గేర్. 'ఉప్పు 2 కిలోలు, కిరసనాయిలు సీసా, చింతపండు కొట్టాక ఇస్తాడు.' బాకీ తీరిన పద్దు మీద అడ్డగీత ఉంటుంది. 2005 వేసవి దాకా పేజీ నిండా అడ్డగీతలే. ఆ తర్వాత పద్దులున్నాయి, గీతల్లేవు. ఆ తర్వాత తెల్ల కాగితం. ఎగ్గొట్టారా తాతా అని పిల్ల అడిగితే, ఎగ్గొట్టాలన్నా మనిషి ఊళ్ళో ఉండాలి కదే అన్నాడు మా నాన్న. మేం తిరిగొచ్చి, సంత మళ్ళీ మొదలయ్యాక కొందరు వచ్చి తమ పేజీ తీయించుకుని గీత కొట్టించుకున్నారు. అడ్డగీత ఒక రంగు సిరాలో, పద్దు మరో రంగులో ఉన్నవి అవే.

ఈ పుస్తకాన్ని బడిలో చెల్లదన్నారు. రచయిత పేరు లేదు, ప్రచురణ సంవత్సరం లేదు, పేజీ నంబర్లూ లేవన్నారు. రచయిత మా నాన్నేనండీ, ఇంకా బతికే ఉన్నాడు, పళ్ళే లేవు. పేజీ నంబర్లు కావాలంటే ఈ ఆదివారం కూర్చుని వేయిస్తాం. ప్రచురణ సంవత్సరం గడిలో ఏం వేయమంటారో మాత్రం సెలవియ్యండి.

తమరికి పంపింది జిరాక్స్. అసలు పుస్తకం ఇవ్వనన్నాడు. సిల్గేర్ పేజీలో ఇంకా చాలా పద్దులు మిగిలే ఉన్నాయి, సంత రోజున ఎవరైనా వస్తే చూపించాలట.

ఇట్లు,
బాసగూడ బజారు వీధిలో ఒక దుకాణదారుడు