గ్రూపు అడ్మిన్ శాస్త్రం: రామంతాపూర్ సంప్రదాయం

ఏ శాస్త్రానికైనా ముందు అనుబంధ చతుష్టయం చెప్పాలి: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ శాస్త్రానికి విషయం కాలనీ వాట్సాప్ గ్రూపు. ప్రయోజనం, నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందన్న కబురు శుభోదయాల కింద పూడిపోకుండా కాపాడటం. సంబంధం, ఫోనుకీ బొటనవేలికీ ఉన్నది. అధికారి, అంటే దీన్ని చదవడానికి అర్హుడు, జీతం లేని పనికి ఒప్పుకుని ఆ సంగతి ఇంట్లో చెప్పనివాడు.

ఈ శాస్త్రం రామంతాపూర్‌లో పుట్టడానికి కారణముంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ఇక్కడే ఉంది. 1977లో మొదలైన ఆ ప్రసారాలు చాలాకాలం ఊరందరికీ ఒకే ఛానల్. ఇప్పుడు పేటలో ప్రతి ఫ్లాటూ ఒక ప్రసార కేంద్రమే. దూరదర్శన్‌లో ఏదైనా గాల్లోకి వదిలేముందు ఒకరు చూసేవారు. ఇక్కడ వదిలాక రెండొందల మంది చూస్తారు. కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ కూడా మా రామంతాపూర్‌లోనే ఉంది. నిజానిజాలు తేల్చే పరికరాలన్నీ దాని గోడల లోపల ఉండిపోయాయి. అడ్మిన్‌కు మిగిలింది చత్వారం కళ్లద్దాలు.

మొదటి సూత్రం: స్పామ్ అనాది కాదు, దానికి పుట్టినరోజుంది.

1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చూసే గ్యారీ థ్యుయెర్క్, తమ కొత్త కంప్యూటర్లు చూడటానికి రమ్మంటూ, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ఉత్తరం పంపించాడు. చీవాట్లు పడ్డాయి. సరుకు కూడా బాగా అమ్ముడుపోయిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. భాష్యం: చీవాట్లకు జడిసే వ్యాపారం లోకంలో లేదు. యాదగిరిగుట్ట రోడ్డులో ఓపెన్ ప్లాట్ల ప్రకటన కాలనీ గ్రూపులో వారం వారం ఎందుకు మొలుస్తుందో దీన్నిబట్టి గ్రహించాలి.

రెండో సూత్రం: గ్రూపు మలినాలు అయిదు.

ఒకటి, శుభోదయ మలినం. ఇది బ్రాహ్మీ ముహూర్తంలో పుడుతుంది. ఉస్మానియా క్యాంపస్‌కు వాకింగ్‌కి వెళ్లే పెద్దలు ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగి, దాని మీద గులాబీ పువ్వు అతికించి పంపుతారు. సోమవారం శివుడు, మంగళవారం హనుమంతుడు, గురువారం సాయిబాబా. వారం మరిచిపోయినవాళ్లకు పంచాంగంతో పనిలేదు. రెండు, వైద్య మలినం. వేడినీళ్లూ నిమ్మకాయా ఉంటే నయం కాని జబ్బు ఇందులో లేదు. మూడు, వాణిజ్య మలినం. నాలుగు, కపట మలినం: ట్రాఫిక్ చలానా అనో పెళ్లి శుభలేఖ అనో పేరు పెట్టుకుని వచ్చే ఏపీకే ఫైలు. మిగతావి కాలక్షేపం గానీ ఇది మాత్రం బ్యాంకు ఖాతా ఊడ్చేస్తుంది. ఇక్కడ శాస్త్రకారుడు హాస్యం మాని చెబుతున్నాడు: ముట్టుకోకండి, ముట్టుకుని డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అయిదోది దూషణ మలినం. కాలనీలో తిట్టుకు కర్మ ఉండదు, ‘కొందరు’ మాత్రమే ఉంటారు. ‘కొందరికి రెండు కార్లుంటాయి గానీ పార్కింగ్ సంస్కారం ఉండదు’ అని ఒకరు పెడతారు. అపార్ట్‌మెంటులో రెండు కార్లున్న ఇల్లు ఒక్కటే. ‘కొందరు మెయింటెనెన్స్ కట్టకుండా నీతులు చెప్తరు’ అని ఆ ఇంటినుంచి జవాబు. ఆపైన నమస్కారం బొమ్మ. ఈ శాస్త్రంలో నమస్కారం బొమ్మ కన్నా ఘోరమైన ఆయుధం లేదు.

మూడో సూత్రం: ప్రమాణాలు నాలుగు.

ప్రత్యక్షం అంటే స్క్రీన్‌షాట్. అనుమానం అంటే, టిక్కులు నీలంగా మారాయి కాబట్టి చూసి కూడా పలకలేదు అని తేల్చడం. ఉపమానం, హబ్సిగూడలో మా బావగారి గ్రూపు ఇట్లా ఉండదు అనడం. చివరిది శబ్దం, అంటే ఆప్తవాక్యం: ‘వచ్చింది వచ్చినట్టు పంపుతున్నా.’ ఆ ఆప్తుడెవరో పంపినవాడికీ తెలియదు.

ఈ నాలుగో ప్రమాణం నవ్వులాట కాదని 2018లో తేలింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న వదంతి ఫోన్లలో తిరిగి, తెలంగాణలోనూ అమాయకుల మీద గుంపులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, డప్పుతో, పాటలతో జనానికి అసలు సంగతి చెప్పించారు. ఫోనులో వచ్చిన అబద్ధానికి విరుగుడు ఎదురుగా నిలబడి చెప్పే మనిషే అయ్యాడు. ఆ జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి అయిదు చాట్లకు కుదించింది. చాలా చేతులు మారి జంట బాణాల గుర్తు పడిన సందేశాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. నిర్ణయం: జంట బాణాలుంటే అడ్మిన్ చదవకముందే శంకించవచ్చు. చదివితే శంక ఎలాగూ వస్తుంది.

నాలుగో సూత్రం: ఉపాయాలూ నాలుగే.

సామం: ‘సభ్యులు గ్రూపు ఉద్దేశాన్ని గమనించగలరు.’ దీన్ని అందరూ మెచ్చుకుంటారు, అందరిలోకీ ముందు ప్లాట్ల ప్రకటన పెట్టినవారే మెచ్చుకుంటారు. దానం: సరదా కబుర్లకు వేరే గ్రూపు పెట్టివ్వడం. అందులో ఎవరూ ఏమీ పెట్టరు. వద్దన్నచోట పెడితేనే గుడ్ మార్నింగ్‌కు రుచి. భేదం: విడిగా మెసేజ్ పెట్టి ‘మీరు పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాదు’ అని మొదలుపెట్టడం. దండం: తొలగింపు. 2022 నుంచి అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ కనబడకుండా తీసేయగలడు. కానీ తీసేసినచోట, తీసినది ఏ అడ్మినో పేరుతో సహా ఉండిపోతుంది. దోషం మాయమై దండించినవాడు మిగిలే న్యాయస్థానం ఇదొక్కటే.

ఫలితం లిఫ్టులో కనిపిస్తుంది.

“ఏంది సార్, పొద్దుగాల నేను పెట్టింది తీసేసిన్రు?”

“నేనెందుకు తీస్త భాయ్? వేలు తగిలినట్టుంది.”

“మూడుసార్లు తగిలిందా సార్?”

ఈలోగా మూడో అంతస్తు వస్తుంది. శాస్త్రంలో దీన్ని మోక్షం అంటారు.

పూర్వపక్షం: ఇదంతా చేతకానితనమని తెవికీ సంప్రదాయం వారు ఆక్షేపించవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ కాపలా స్వచ్ఛందమే. అక్కడి నిర్వాహకులకూ పైసా జీతం లేదు. ‘ఇటీవలి మార్పులు’ పేజీ తెరిచి కూర్చుంటారు. ఎవరో వచ్చి వ్యాసంలో తన అభిమాన హీరోను దేవుణ్ణి చేసో, పక్క హీరోను బూతులు తిట్టో పోతే, దాన్ని దుశ్చర్య అని పేరుపెట్టి వెనకటి కూర్పును తెచ్చి నిలబెడతారు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రలో ఉంటుంది. తగువు ముదిరితే రచ్చబండకు ఎక్కుతుంది. ఇంత చక్కని పద్ధతి ఉండగా వేలు తగిలిందని బొంకడమెందుకు?

సమాధానం: అక్కడ గోడ పాడుచేసినవాడు చాలాసార్లు పేరు లేని ఎవరో. ఇక్కడివాడు, సంక్రాంతికి మనం ఊరెళ్తే ఇంటి తాళంచెవి దాచిపెట్టే మనిషి. బోరు మోటారు కాలిపోయిన రాత్రి తార్నాక దాకా బండేసుకుని వెళ్లి మెకానిక్‌ను లేపుకొచ్చింది అతనే. అతని మెసేజ్ తీసేయడం క్షణం పని. అతణ్ణి తీసేస్తే మోటారు దగ్గరికి ఎవరు పోతారు? కాబట్టి సిద్ధాంతం: గ్రూపును కాపాడటం అడ్మిన్‌కు రెండో ధర్మం, గ్రూపు వల్ల కాలనీ చెడకుండా చూడటం మొదటిది. బొంకు ఈ మొదటి ధర్మానికి అంగం. పత్రాల్లో నడిచే న్యాయానికి చరిత్ర కావాలి, మెట్లమీద ఎదురుపడే న్యాయానికి మరుపు కావాలి.

న్యాయస్థానాలూ అడ్మిన్ అల్పత్వాన్ని గుర్తించాయి. గ్రూపులో పరువు నష్టం రాతకు అడ్మిన్‌ను పట్టుకోవడం, పత్రిక రాతకు కాగితం తయారుచేసినవాణ్ణి పట్టుకోవడమేనని 2016లో ఢిల్లీ హైకోర్టు అంది. సభ్యుడి తప్పు పోస్టుకు, ఉమ్మడి ఉద్దేశం లేనిదే అడ్మిన్ బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి తేల్చింది. 2022లో కేరళ హైకోర్టూ ఆ దారిలోనే తీర్పిచ్చింది. కోర్టులు వదిలిపెట్టాయి గానీ సర్వసభ్య సమావేశం వదిలిపెట్టదు. అక్కడ మొదటి ప్రశ్న ఇప్పటికీ ఇదే: “అడ్మిన్ ఏం చేస్తున్నట్టు?”

చివరి సూత్రం: అడ్మిన్ పోవచ్చు, పదవి పోదు.

2022 నుంచి సభ్యుడు గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్లకే చేరుతుంది. అలక కూడా ఆయన ఖాతాలోనే. విసిగిన ఏకైక అడ్మిన్ తానే వెళ్లిపోతే, వాట్సాప్ మిగిలినవాళ్లలో ఎవరో ఒకరిని అడ్మిన్ చేసేస్తుంది. రాజు వారసుడు లేకుండా పోతే పట్టపుటేనుగు తొండానికి పూలదండ ఇచ్చి వీధిలోకి వదిలినట్టే. కథలో దండ పడినవాడు సంబరపడతాడు. రామంతాపూర్‌లో దండ పడినవాడు, పొద్దున్నే లేచి చూసుకుని, నిన్నటిదాకా శుభోదయాలు పంపినవాడే అయినా, ఆ రోజు మొదటి మెసేజ్ ఇలా పెడతాడు: ‘సభ్యులు గ్రూపు ఉద్దేశాన్ని గమనించగలరు.’