శాలువాకు నిధులున్నాయి

విశ్వవిద్యాలయాలకు పెళ్లి కావడం మీరు చూశారో లేదో, నేను చూశాను. హాలు నిండా ఫ్లెక్సీలు. ఇటు మన రిజిస్ట్రారు, అటు వాళ్ల రిజిస్ట్రారు, వెనకాల రెండువైపుల పెద్దలు. నీలం అట్ట ఫైళ్ల మీద సంతకాలు చేసి, దండల్లా మార్చుకున్నారు. ఫొటో అబ్బాయి ‘సార్, ఇంకొక్కసారి’ అన్నాడు. మళ్లీ మార్చుకున్నారు. వేదిక పక్కన ఒక ఎమ్మెస్సీ అమ్మాయి శాలువాల పళ్లెం పట్టుకుని గంటన్నర నిలబడింది. మర్నాడు జిల్లా పేజీలో ‘కీలక ఒప్పందం’ అని వార్త వచ్చింది. కీలకం కాని ఎంఓయూ గురించి నేనింతవరకు చదవలేదు.

ఆ కాగితం మూడో పేరాలో ‘విద్యార్థుల నాయకత్వంలో ఉమ్మడి ప్రాజెక్టులను ఉభయ పక్షాలూ ప్రోత్సహిస్తాయి’ అని ఉంది. ఆఖరి పేరాలో ‘ఇందువల్ల ఏ పక్షం మీదా ఎటువంటి ఆర్థిక భారం ఉండదు’ అని ఉంది. అంటే తాళి కడతారట, కాపురం ఖర్చు మాత్రం ఎవరూ పెట్టరట. పిల్లలు పుడితే వాళ్ల పాలడబ్బా వాళ్లే కొనుక్కోవాలి.

మరి ఈ పెళ్లెందుకంటారా? విశ్వవిద్యాలయాలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్లు వస్తారు కదా. వాళ్ల పట్టికలో ‘పనిచేస్తున్న ఎంఓయూలు ఎన్ని?’ అని ఒక గడి ఉంటుంది. పనిచేస్తున్నట్టు రుజువేమిటి? ఫొటో. ఫొటోలో ఏముంది? శాలువా. కాబట్టి ఎంఓయూ భేషుగ్గా పనిచేస్తున్నట్టే లెక్క.

ఇప్పుడు ఆ పళ్లెం పట్టిన అమ్మాయికి ఒక ఊరూ ఒక ప్రాజెక్టూ నేనే కల్పిస్తాను. అమ్మాయి కల్పితమేగానీ, ఆమె నిలబడబోయే కిటికీలు నేను కట్టినవి కావు. ఆమెది కనిగిరి వైపు ఊరు, చదివేది కెమిస్ట్రీ. అవతలి విశ్వవిద్యాలయంలో జియాలజీ చదివే నల్గొండ కుర్రాడొకడు, జర్నలిజం చదివే అతని స్నేహితుడొకడు ఆమెకు తోడు. బావుల్లో, బోర్లలో ఫ్లోరైడ్ కొలిచి, ఏ ఊళ్లో ఏ నీళ్లు తాగొచ్చో పల్లెవాళ్లకు అర్థమయ్యే తెలుగులో గోడ మీద రాయాలని ముగ్గురూ అనుకున్నారు. కొత్త రోగమేం కాదు ఇది. మన దేశంలో ఫ్లోరోసిస్ బయటపడింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా పిలిచే పేరే నల్గొండ టెక్నిక్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. 2014లో రాష్ట్రం రెండయిందన్న కబురు ఫ్లోరైడ్‌కు ఇంకా అందలేదు. అది ఇటూ అటూ ఎముకలు వంచుతూనే ఉంది. ఇంతకంటే మంచి ఉమ్మడి ప్రాజెక్టు ఏ ఎంఓయూకైనా ఎక్కడ దొరుకుతుంది?

మొదటి కిటికీ. ‘పీఐ, అంటే ప్రాజెక్టు పెద్ద, ఎవరమ్మా?’ అన్నారు సూపరింటెండెంటు గారు. ‘మేమేనండీ, విద్యార్థుల నాయకత్వం కదా’ అంది. ఆయన జాలిగా చూశారు. విద్యార్థి పీఐ కాకూడదు. అధ్యాపకుడు పీఐ, అవతలి అధ్యాపకుడు కో-పీఐ, పైన డైరెక్టరు, ఆ పైన కన్వీనరు. ఆరు సంతకాలకు చోటున్న ఆ ఫారంలో విద్యార్థి సంతకానికి మాత్రం గడి లేదు. పల్లకీ మోసేవాళ్ల పేరు శుభలేఖలో ఎవరు వేస్తారు?

రెండో కిటికీ. సీసాలు కొనాలి. మూడు కొటేషన్లు, వాటికో కంపారిటివ్ స్టేట్‌మెంటు. అందరికంటే తక్కువకు ఇస్తానన్న షాపువాడివి గాజు సీసాలు. ‘సార్, ఫ్లోరైడ్ శాంపిల్ గాజులో పెట్టకూడదండీ, గాజుతో కలిసిపోతుంది. ప్లాస్టిక్‌వి కావాలి’ అంది అమ్మాయి. కిటికీలో ఉన్నాయన సొరుగులోంచి ఒక కాగితం తీశారు. క్యాంపస్‌లో ప్లాస్టిక్ నిషేధం, సర్క్యులర్ నంబరుతో సహా! కెమిస్ట్రీ ఒకటి చెబుతుంది, సర్క్యులర్ ఒకటి చెబుతుంది. ఏది నెగ్గుతుందో చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

మూడో కిటికీ. ఫ్లోరైడ్ కొలిచే మీటరు అవతలి విశ్వవిద్యాలయంలో ఉంది, అసెట్ రిజిస్టరులో ఎక్కింది కాబట్టి గేటు దాటదు. పోనీ నీళ్లే అక్కడికి మోసుకెళ్దామంటే బస్సు చార్జీ ఏ పద్దు కింద రాయాలో తెలియదు. విద్యార్థి ఉద్యోగి కాడు, టీఏ రాదు. అతిథి కాడు, కారు రాదు. ‘మీరు ఏ క్యాటగిరీ కిందికీ రారు’ అని ఫైనాన్స్ ఆఫీసువాళ్లు తేల్చారు. ‘ఆ నీళ్లు తాగేటోళ్లం మాత్రం మేమే కదా సార్’ అన్నాడు నల్గొండ కుర్రాడు. ఆ మాటకు ఇన్‌వర్డ్ నంబరు పడలేదు.

కిటికీలను తిట్టి లాభం లేదు, పైన మేడ కట్టిన తీరే అంత. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని 2021లో వచ్చింది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి దర్జాగా బదిలీ అవుతాయి. బస్సు చార్జీకి వెయ్యి రూపాయలు మాత్రం కావు. 2017 నుంచి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ జరుగుతోంది. జట్టుకు ఆరుగురు, ఒక అమ్మాయి తప్పనిసరి. అంతవరకు బాగుంది. కానీ ఆరుగురూ ఒకే కాలేజీ వాళ్లయి ఉండాలి! పక్క కాలేజీ స్నేహితుణ్ణి కలుపుకుంటే జట్టు చెల్లదు. సహకారం గురించి వేదిక మీద ఉపన్యాసం, నిబంధనల్లో కాంపౌండ్ వాల్. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఒకవేళ గ్రాంటు వచ్చిందే అనుకుందాం. కేంద్రం సొమ్మయితే జీఎఫ్‌ఆర్ 2017 అనే ఆర్థిక నిబంధనల ప్రకారం యూసీ, అంటే సొమ్ము వాడినట్టు ధ్రువపత్రం, ఇవ్వాలి, 12-ఏ నమూనాలో. బ్యాంకులో నిద్రపోయిన కాలానికి వచ్చిన వడ్డీని కూడా ప్రభుత్వానికే జమ కట్టాలి. సరే, ప్రజల సొమ్ముకు లెక్క ఉండాల్సిందే. అయితే డిసెంబరులో మంజూరై, ఫిబ్రవరిలో ఖాతాలో పడి, మార్చి 31కి ఖర్చయిపోవాల్సిన సొమ్ముతో, వేసవిలో ఎండే బావిని ఎలా కొలుస్తారు? ఈ గొడవ పిల్లలది మాత్రమే అనుకోకండి. పరిశోధన గ్రాంట్ల మీదే 18 శాతం జీఎస్టీ కట్టమని 2024లో ఐఐటీ ఢిల్లీకి 120 కోట్ల నోటీసు వెళ్లింది. దేశమంతా నవ్విపోయాక, ఆ సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ మినహాయింపు ఇచ్చింది. ఏనుగుకే అంకుశం పోటు తప్పనప్పుడు, ఎలుక గోడు ఎవరు వింటారు?

నాకు తోచిన ఉపాయం ఒకటుంది. ఎంఓయూ సభ ఖర్చు ఎంతో, సరిగ్గా అంతే సొమ్ము అదే రోజు, అదే బల్ల మీద, రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థుల ఉమ్మడి ఖాతాలో వేయండి. ఒక పేజీ ప్రతిపాదన, ఒక పేజీ లెక్క, ఒక అధ్యాపకుడి సంతకం, ఇద్దరు విద్యార్థుల సంతకాలు. లెక్క నోటీసు బోర్డు మీద అంటించండి. పిల్లలు తినేస్తారని భయమా? తిననివ్వండి, ఫ్లెక్సీ తిన్నదానికంటే తక్కువే తింటారు. ఈ ఉపాయాన్ని నేనొక పెద్దమనిషికి రాసి పంపాను. మార్జిన్‌లో ‘చర్చించి పెట్టండి’ అని రాసి కిందికి పంపారు. ఎవరితో చర్చించాలో రాయలేదు.

ఇక మన కల్పిత ముగ్గురి సంగతి. వాళ్లు పాకెట్ మనీతో ప్లాస్టిక్ సీసాలు కొన్నారు. తెలిసిన సార్ ఒకాయన ఆదివారం ల్యాబ్ తాళం తీశారు. ఊళ్ల గోడల మీద తాగొచ్చన్న బోర్లకు పచ్చ చుక్క, తాగకూడదన్న వాటికి ఎర్ర చుక్క పడ్డాయి. ఈలోపు అయిదేళ్లు గడిచి ఎంఓయూ గడువు తీరింది. రెన్యువల్ సభ. ‘ఉమ్మడి ప్రాజెక్టు విజయగాథ’ అని ఫ్లెక్సీ మీద ఎర్రచుక్క, పచ్చచుక్క ఫొటోలు. కింద పీఐ, కో-పీఐ, డైరెక్టరు, కన్వీనరు, ఆ తర్వాత చిన్న అక్షరాల్లో ‘మరియు బృందం’.

కనిగిరి అమ్మాయి ఇప్పుడు తన విశ్వవిద్యాలయంలోనే పీహెచ్‌డీ చేస్తోంది. రెన్యువల్ సభ రోజు పొద్దున్నే కబురొచ్చింది: అతిథులు వస్తున్నారు, పట్టుచీర కట్టుకుని గేటు దగ్గరికి రమ్మని. చేతికి పళ్లెం ఇచ్చారు. కొత్త శాలువాలు, ధర చీటీలు ఇంకా తీయలేదు. రెండు విశ్వవిద్యాలయాల పెద్దలూ కార్లు దిగారు. వేదిక ఎటో వాళ్లకు తెలియదు కాబట్టి, ఆమె పళ్లెంతో ముందు నడిచింది, వాళ్లు వెనక నడిచారు.

విద్యార్థుల నాయకత్వం అమలైంది. ఆ గడిలోనూ టిక్కు పెట్టుకోవచ్చు.