అర్ధ జీటీ: సటీకా తాత్పర్యము

మూలము: “మామయ్యా, ఒక్క ఇంజిన్ తప్ప మిగతాదంతా జీటీయే. అన్నీ కంపెనీ పార్ట్సే. ప్లగ్ అండ్ ప్లే.”

అవతారిక: ఈ వాక్యత్రయమును బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక అపార్టుమెంటు బేస్‌మెంటునందు, ఆదివారం భోజనానంతరము, మా మేనల్లుడు తన తెల్ల వర్టస్ కారు బానెట్‌పై చేయి ఆనించి వెలువరించెను. అమ్మానాన్నలను తిరుపతి తీసుకెళ్ళడానికని చెప్పి కొన్న కారు. ఇంతవరకు తిరుపతి చూడలేదు. జేసీ రోడ్డు మాత్రం పదేపదే చూసింది.

కొలిచెలమ మల్లినాథసూరి, మన మెదకు సీమవాడు, ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికి నేను కట్టుబడి ఉంటాను.

టీక: ‘మామయ్యా’: సంబోధన. వక్త చేతిలో డబ్బు అయిపోయిందని వ్యంగ్యార్థం. ‘ఒక్క’, ‘తప్ప’, ‘మిగతాదంతా’: సుగమము. ‘ఇంజిన్’: సుగమము కాదు గాని, వక్తే దాన్ని వదిలేశాడు గనక మనమూ వదిలేద్దాం.

‘జీటీ’: ఇక్కడ నిలవాలి. 2022లో ఈ కారు మన దేశంలో విడుదలైనప్పుడు జీటీ అంటే 1.5 లీటర్ల ఇంజిన్, 150 గుర్రాల శక్తి, 250 న్యూటన్ మీటర్ల టార్కు. సాధారణ పాఠంలో ఒక లీటరు, 115 గుర్రాలు, 178 న్యూటన్ మీటర్లు. జీటీకి బాహ్య చిహ్నాలు: గ్రిల్ మీద అక్షరాలు, ముందు చక్రాల లోపల ఎర్ర కాలిపర్లు, కాలి కింద అల్యూమినియం పెడళ్ళు. మావాడు గుర్రాలను షోరూములోనే వదిలి జీను ఒక్కటీ ఇంటికి తెచ్చుకున్నాడు.

పాఠాంతరము: 2024లో కంపెనీవారే ‘జీటీ లైన్’ అని ఒక ప్రతి వెలువరించారు. వేషం ఆటగాడిది, ఇంజిన్ పాత ఒక లీటరే. బ్రౌన్ దొర జూలూరి అప్పయ్య వంటి పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు పక్కపక్కన పెట్టి, ఏది కవి రాసింది, ఏది లేఖకుడు దూర్చింది అని తేల్చే పని చేయించాడు. ప్రక్షిప్తాన్ని మూలకర్తే అచ్చువేసి షోరూములో అమ్ముతుంటే ఏ అప్పయ్యగారు మాత్రం ఏం తేలుస్తారు?

విశేషాంశము: బెంగళూరు రోడ్ల మీద ఈ ప్రక్షిప్త వాఙ్మయం కొత్తది కాదు. 2000లో హోండా సిటీకి వీటెక్ ఇంజిన్ వచ్చింది, 106 గుర్రాలతో. దాని లోపలి పని వివరిస్తే గాని నాకు తోచదు. ఇంజిన్‌లో వాల్వులను తెరిచేది క్యామ్ షాఫ్ట్, దాని మీద ఉబ్బెత్తు లోబులు. మామూలు ఇంజిన్‌లో వాటి ఆకారం ఒకటే గనక వాల్వు ఎప్పుడూ ఒకే మేర తెరుచుకుంటుంది. వీటెక్‌లో ఒకే షాఫ్ట్ మీద రెండు తీరుల లోబులు. నెమ్మదిగా పోతున్నంతసేపు పొట్టి లోబు రాజ్యం: వాల్వు కొంచెమే తెరుచుకుంటుంది, పెట్రోలు ఆదా. ఇంజిన్ వేగం ఒక హద్దు దాటగానే ఆయిల్ ఒత్తిడికి చిన్న పిన్ను జరిగి రాకర్ ఆర్ములను కలిపి బిగిస్తుంది. అప్పటినుంచి పొడుగు లోబు చెప్పినట్టు వాల్వులు నడుస్తాయి. గొంతు మారుతుంది, కారు దూకుతుంది.

ఇది ద్వ్యర్థి కావ్యం కాక మరేమిటి? పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం అటు చదివితే రామకథ, ఇటు చదివితే భారతకథ. అక్షరం మారదు, విరుపు మారుతుంది. సూరన ఈ పని పదహారో శతాబ్దంలోనే, ఆయిల్ ఒత్తిడి సాయం లేకుండా చేశాడు. దానికి ముద్దరాజు రామన వ్యాఖ్య రాశాడు. పాపం, ప్రతి పద్యానికీ రెండు కథల చొప్పున విప్పుకుంటూ పోవాలి. మామూలు వ్యాఖ్యాతకంటే రెట్టింపు చాకిరి. ఇందులో సభంగ శ్లేష, అభంగ శ్లేష అని రెండు తీరులు. పదాన్ని విరిస్తే రెండో అర్థం వచ్చేది సభంగం, విరవకుండానే వచ్చేది అభంగం. వీటెక్ అభంగమే, ఎందుకంటే లోపల ఏదీ విరగదు. సర్వీసు సరిగా చేయిస్తే.

ఎక్కడున్నాం? ఆ, ప్రక్షిప్తాలు. ఆ వీటెక్ అన్న మాట కొన్నాళ్ళకు వీటెక్ లేని సిటీల డిక్కీల మీద కూడా స్టిక్కరై వెలిసింది. ఏకార్థ కావ్యానికి ద్వ్యర్థి అని అట్ట వేసినట్టు. మా మేనల్లుడి సంప్రదాయానికి మూలపురుషుడు ఆ స్టిక్కరు అంటించినవాడే.

‘కంపెనీ పార్ట్సే’: జేసీ రోడ్డు అంటే జయచామరాజేంద్ర రోడ్డు. మైసూరు చివరి మహారాజు, సంస్కృతంలో కృతులు రచించిన వాగ్గేయకారుడు. ఆయన పేరిటి రోడ్డులో ఇప్పుడు హారన్లు, సీటు కవర్లు, స్పేర్ పార్టులు. మావాడి స్ప్రింగులు, కాలిపర్లు అక్కడివే. నన్నూ వెంట తీసుకెళ్ళాడు. కొట్టతను కాలిపరును గుడ్డతో తుడిచి కౌంటరు మీద పెట్టి, “జెన్యూన్ సార్. గాడి స్వల్ప ఆక్సిడెంట్ అయ్యింది, అంతే” అన్నాడు.

ఆ ‘స్వల్ప’ శబ్దం దగ్గర వ్యాఖ్య ఆగిపోతుంది. కొత్తవి కొనాలంటే ధర భరించలేరు గనక, గుద్దుకుని ముక్కలకింద అమ్ముడుపోయిన జీటీల నుంచి ఊడదీసినవి కొంటారు. అంటే ఒకనాడు సమయానికి ఆగలేకపోయిన కారు బ్రేకును తెచ్చి, మా అక్క కూర్చునే కారుకు బిగించారు. పైన కొత్త ఎర్ర రంగు. పగులుందో లేదో ఆ రంగు కింద ఎవరు చూశారు?

అలంకారము: వెనక చక్రాల్లో డ్రమ్ములు. డ్రమ్ముకు కాలిపరు ఉండదు. వాడు వంగి టార్చి వేసి చూపించాడు: డ్రమ్ముకూ ఎర్ర రంగే. బ్రష్షు వెంట్రుక ఒకటి రంగులో అతుక్కుని ఎండిపోయి ఉంది. ఉన్నదాన్ని కాదని లేనిదాన్ని నిలిపితే అపహ్నవాలంకారం: ఇది డ్రమ్ము కాదు, డిస్కే. లక్ష్యం చక్కగా కుదిరింది.

నవ్వి ఊరుకునేవాణ్ణే. అసలు సంగతి ఏమంటే, వాడు ఆరాధించే ఆ 150 గుర్రాల జీటీకి కూడా విడుదలనాడు వెనక డ్రమ్ములే ఇచ్చారు. ముందు ఎర్ర కాలిపరు, వెనక డ్రమ్ము. సన్‌రూఫ్ లేకపోతే కొనమనే ఇంటిల్లిపాదీ వెనక బ్రేకు ఏమిటని అడగరు. అడగనిది కంపెనీ ఎందుకిస్తుంది?

స్ప్రింగుల సంగతి: బరువైన ఇంజిన్ కోసం కట్టిన స్ప్రింగును తేలిక ఇంజిన్ కింద పెడితే కారు ముక్కు కొంచెం లేస్తుంది. మావాడిది లేచింది. దాన్ని వాడు ‘స్టాన్స్’ అంటాడు. మా అక్క నడుంనొప్పి అంటుంది. కాలనీలో తెల్లగీతలు కూడా లేని హంపుల మీద ఎవరి మాట నిజమో ఆమెకు తెలుసు. వెనక సీట్లో కూర్చునేది ఆమె గనక.

పూర్వపక్షము: “పికప్ బాగుంది మామయ్యా.” టామ్‌టామ్ సంస్థ లెక్క ప్రకారం 2024లో బెంగళూరులో 10 కిలోమీటర్లకు సగటున 34 నిమిషాల 10 సెకన్లు. గంటకు 18 కిలోమీటర్లయినా లేదు. సిల్క్ బోర్డ్ దగ్గర సాయంత్రం ఆరింటికి 115కీ 150కీ భేదం ఉందనేది కేవలం అవిద్య. అక్కడ ఉన్నది అద్వైతమే. పక్కన బీఎంటీసీ బస్సూ అదే బ్రహ్మము.

‘ప్లగ్ అండ్ ప్లే’: దీనికి స్మృతి విరోధం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు చెప్పిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే అన్నది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ. రాత్రి పదకొండింటికి బేస్‌మెంటులో వాడి కొత్త సైలెన్సరు మోగుతుంటే నాకు ఆ సెక్షను నిద్రలో కూడా కంఠతా వస్తోంది. రెండో అంతస్తులో పసిపిల్ల ఉన్న ఇల్లుంది. వాళ్ళు ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. చేస్తే సాక్ష్యానికి నేను వస్తాను.

తాత్పర్యము: స్పష్టము.

ఫలశ్రుతి: వారంటీ పోతుందనే భయంతో ఊడదీసిన స్ప్రింగులు, కాలిపర్లు, పాత సైలెన్సరు అన్నీ గోనెసంచుల్లో కట్టి అక్కవాళ్ళ అటకెక్కించాడు. ఇత్తడి గంగాళం పక్కన. కంపెనీ సర్వీసు వచ్చినప్పుడల్లా వాటిని దించి, జేసీ రోడ్డుకు మోసుకెళ్ళి, మూలపాఠం పునరుద్ధరించి, సర్వీసయ్యాక మళ్ళీ ప్రక్షిప్తాలు చేరుస్తాడు. బిగించినందుకు ఒకసారి కూలి, ఊడదీసినందుకు ఒకసారి. వచ్చే గురువారం సర్వీసుంది. బుధవారం సాయంత్రం నిచ్చెన పట్టుకోవడానికి రమ్మని ఫోను చేశాడు.