చివరి మనిషి చేతి కర్ర

నేను వెదురు కర్రను. పుట్టింది తాడ్వాయి అడవిలో, ములుగు దాటి మేడారం పోయే తోవలో. బుట్టలూ చాటలూ అల్లే ఒక మేదరి పెద్దాయన, కణుపులు దగ్గరగా ఉన్నాయనీ బోలు తక్కువనీ నన్ను చీల్చకుండా పక్కన పెట్టాడు. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన ఒక సారు బేరమాడకుండా కొనుక్కున్నాడు. వరంగల్‌ తెచ్చి, కమ్మరి దగ్గర కింది కొసకు ఇనుప పొన్ను వేయించాడు. ఆ పొన్నే నాకు కాలు, అదే నాకు కన్ను. కింద ఉన్నది రాయా, మొరమా, నల్లరేగడా, చెరువుకట్ట మట్టా అన్నది దానితోనే తెలుసుకుంటాను.

చలికాలం వస్తే సారు పదిమందినో పదిహేనుమందినో వెంటబెట్టుకొని నడకకు బయలుదేరుతాడు. ఒక్కోసారి ఒక్క పూట, ఒక్కోసారి నాలుగైదు రోజులు. ఆయనకొక పద్ధతి ఉంది. ముందు నడిచేది ఆయనే అయినా నేను ఆయన చేతిలో ఉండను. వరసలో అందరికన్నా వెనక పడినవాళ్ళ చేతికి నన్ను ఇస్తాడు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ కావచ్చు, ప్రతి రాయి దగ్గరా ఆగే పిల్లవాడు కావచ్చు. "కర్ర వచ్చేదాకా నేను కథ మొదలుపెట్టను" అంటాడు. దాంతో ముందున్నవాళ్ళు ఆగుతారు, వెనకున్నవాళ్ళు సిగ్గుపడరు. గుంపును నడిపించడంలో ఇంతకు మించిన విద్య లేదని నా నమ్మకం. చివరి మనిషి చేతిలో ఉండబట్టే, ముందువాళ్ళు దాటిపోయాక మాత్రమే కనబడేవన్నీ నేను చూశాను. గోడ సందులో మొలిచిన రావి మొక్క, వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తూ "ఏ ఊరు బిడ్డా మీది? జర నీళ్ళు తాగి పోండ్రి" అనే అవ్వ, అన్నీ చివరివాళ్ళకే.

ఓరుగల్లు కోటకు వచ్చే బస్సులు తిన్నగా నడిబొడ్డున ఉన్న రాతి తోరణాల దగ్గర ఆగుతాయి. జనం దిగి, ఫోటోలు దిగి, ఖుష్‌మహల్లో ఒక చుట్టు తిరిగి, ఎక్కి వెళ్ళిపోతారు. మా సారు అలా తీసుకుపోడు. మట్టికోట దగ్గర మొదలుపెడతాడు. చూసేవాళ్ళకు అది కోటలా ఉండదు, గడ్డీ తుమ్మచెట్లూ మొలిచిన పొడుగాటి దిబ్బలా ఉంటుంది. "ఇదేంది సార్, చెరువుకట్టనా?" అని ప్రతి గుంపులోనూ ఒకరు అడుగుతారు. అప్పుడు ఆయన 1310 నాటి సంగతి చెప్తాడు. ఢిల్లీ నుంచి మాలిక్‌ కాఫర్‌ సేన వచ్చి ఈ కట్ట ముందు కొన్నాళ్ళు ఆగాల్సి వచ్చింది. ఆ దండయాత్ర గురించి రాసిన కవి అమీర్‌ ఖుస్రో ఈ మట్టిగోడ గట్టిదనానికి ఆశ్చర్యపోయాడు. ఉక్కు ఈటె గుచ్చినా దిగదని, యంత్రంతో విసిరిన బండరాయి తగిలి వెనక్కి ఎగురుతుందని రాశాడు. శత్రువు పక్షాన ఉన్నవాడు ఒప్పుకొని రాసిన మాట అది. సారు ఈ కథ చెప్పి, నన్ను పట్టుకున్నవాళ్ళతో "ఒక్కసారి పొడిచి చూడండి" అంటాడు. పొన్ను వేలెడు లోతు కూడా దిగదు. ఆ ఒక్క పోటుతో పుస్తకంలోని మాట చేతికి తగులుతుంది.

మట్టికోట దాటితే పొలాలు. కూరగాయల మడులు, పత్తి, వరి. ఆ తర్వాత కందకం, దాని వెనక రాతికోట. రాతికోట అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు, మట్టికోటది దానికి రెట్టింపు. వీటన్నిటినీ చుట్టి ఇంకా దూరంగా మరో మట్టికట్ట ఉండేది, ఇప్పుడు తునకలుగా మిగిలింది. కాకతీయ రాజు గణపతిదేవుడు (పాలన 1199–1262) కట్టించిన రాతికోటను ఆయన కూతురు రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేసిందని చెప్తారు. గోడకు 45 బురుజులు. సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చిన నల్లరాతి దిమ్మెలు. లోపలివైపు గోడ పొడుగునా మెట్లే. ఏ మూల దాడి జరిగినా సైనికుడు దగ్గరి నిచ్చెన కోసం పరుగెత్తకుండా, ఉన్నచోటి నుంచే పైకెక్కడానికి. నేను ఆ మెట్లు ఎక్కాను కాబట్టి చెప్తున్నాను. అవి ముసలివాళ్ళ కాళ్ళకు కొంచెం ఎత్తు, యువకుడి కాళ్ళకు సరిగ్గా సరిపోతాయి.

ద్వారం దగ్గర దారి తిన్నగా లోపలికి పోదు. ఒక గుమ్మం దాటి మలుపు తిరిగి, గోడల నడుమ నడిచి, మళ్ళీ తిరిగితే గానీ ఊరు కనబడదు. ఏనుగు పరుగు మీద వచ్చి తలుపును గుద్దకుండా చేసిన ఏర్పాటు అది. బస్సు కిటికీలోంచి చూస్తే డ్రైవరు స్టీరింగు తిప్పడం మాత్రమే తెలుస్తుంది. నడిచేవాడికి మాత్రం ఆ మలుపులో ఒంటి మీద భయం తెలుస్తుంది, పైన నాలుగు వైపులా విల్లులు ఎక్కుపెట్టినవాళ్ళు ఉన్నట్టు.

లోపల ఉన్నది శిథిలం కాదు, ఊరు. తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట అని వాడలు. బడికి పోయే పిల్లలు, పాలక్యాన్ల బండ్లు, బతుకమ్మ ఆడే వాకిళ్ళు. ఆ ఊరి నడుమ, ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉన్న ఆవరణకు నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. పైన హంసలు. 1323లో ఢిల్లీ సేనతో వచ్చిన ఉలూఘ్‌ ఖాన్‌ కోటను పట్టుకున్నాక గుడి నేలమట్టమైంది, ఊరి పేరు సుల్తాన్‌పూర్‌ అయింది, బందీగా పోతున్న కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడు. తోరణాలు మాత్రం నిలబడ్డాయి. అప్పటిదాకా మట్టి, కందకం, రాయి, మలుపులు దాటి వచ్చినవాళ్ళు అక్కడ కాసేపు మాట్లాడరు. బస్సు దిగినవాళ్ళు వెంటనే ఫోన్లు తీస్తారు. ఇద్దరూ చూసేది ఒకే రాయి. కానీ దాన్ని కాపాడటానికి ఎన్ని గోడలు కట్టారో ఒంటితో తెలుసుకొని వచ్చినవాడి చూపు వేరు.

ఇలా గుంపుగా తిరిగి ఊరు చూడటం మనకు కొత్త అనుకునేవాళ్ళకు సారు క్రీడాభిరామం పేరు చెప్తాడు. వినుకొండ వల్లభరాయుడి పేరున్న ఆ వీథి నాటకంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు పొద్దుపొద్దున్నే బయలుదేరి రాత్రిదాకా కాకతీయుల ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. పల్నాటి వీరుల కథ వింటారు, ఏకవీర గుడి చూస్తారు, కోడిపందెం దగ్గర ఆగుతారు, పూటకూళ్ళ ఇంట్లో రూక ఇచ్చి భోజనం చేస్తారు, వేశ్య మాచల్దేవి ఇంటికి పోతారు. ఒక ఊరిని కాలినడకన చూడటమే కథగా రాసిన పుస్తకం అంత పాతది ఏ భాషలో ఉన్నా ఆ భాషవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. దాన్ని చేతిలో పట్టుకొని ఖిల్లా వీధుల్లో నడిపించే ఏర్పాటు ఇప్పటికీ మనకు ఉండాల్సినంతగా లేదు. ఇది నాకు నిజంగా బాధ.

ఒక శీతాకాలం జర్మనీలో ఉద్యోగం చేసే హనుమకొండ అమ్మాయి మా వెంట వచ్చింది. కాలు బెణికి వెనకబడటంతో రెండు రోజులు నేను ఆమె చేతిలోనే ఉన్నాను. రైన్‌ నది లోయ గురించి చెప్పింది. బింగెన్‌ నుంచి కోబ్లెన్జ్‌ దాకా 65 కిలోమీటర్లు, రెండు పక్కలా కొండవాలు మీద ద్రాక్షతోటలు, ప్రతి మలుపులో ఒక పాత కోట. 2002లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడే రైన్‌స్టైగ్‌ అని 320 కిలోమీటర్ల నడకదారి ఉంది, 2005లో తెరిచారు. నీలం పలక మీద తెల్లటి ఆర్‌ అక్షరం చూసుకుంటూ నడిస్తే దారి తప్పరట. పొద్దంతా నడిచి సాయంత్రం ఒక పల్లెకు చేరితే ఆ పల్లె సత్రంలో పడక, ఆ పల్లె వంట, ఆ కొండ ద్రాక్ష సారా. మూటలు బండిలో ముందే చేరిపోతాయి. "అక్కడ పల్లెలు నడిచేవాళ్ళ మీద బతుకుతున్నయి సార్. మనకు ఏం తక్కువ?" అని అడిగింది.

సారు అప్పుడేమీ అనలేదు. మర్నాడు దారి మార్చి అందరినీ ఖిలాషాపూర్‌కు తీసుకుపోయాడు. హైదరాబాదు రోడ్డు మీద జనగామకు ముందే, రఘునాథపల్లి వైపున్న ఊరు. సర్వాయి పాపన్న కోట అక్కడ ఉంది, మూలల్లో గుండ్రటి బురుజులతో. కల్లుగీసే కులంలో పుట్టి, గుంపు కట్టి, కోటలు కట్టి, 1708లో మొహర్రం రోజుల్లో వరంగల్‌ కోటలోకే చొరబడి నగరాన్ని కొల్లగొట్టిన మనిషి. 1710లో మొగలు సైన్యం చేతిలో చనిపోయాడు. రాజు కట్టిన కోటను పొద్దున చూసి, ఆ కోటనే గెలిచిన గీతకార్మికుడి కోటను మర్నాడు చూడటం ఎంత పెద్ద చదువో నడిచినవాళ్ళ ముఖాల్లో నాకు కనబడింది. కోట బయట తాటివనం. ఒక గౌడన్న మోకు, ముత్తాదు సర్దుకొని చెట్టు దిగి లొట్టి కింద పెట్టాడు. తాటాకు మడిచి పొద్దుటి కల్లు పోశాడు. జర్మనీ అమ్మాయి రెండు చేతులా పట్టుకొని తాగింది. ద్రాక్షతోట లేని సీమలో ఊరి రుచి ఏ చెట్టు మీద ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

రామప్ప గురించి తక్కువ చెప్తాను, అందరికీ తెలుసు కాబట్టి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించింది, 2021లో ప్రపంచ వారసత్వ హోదా పొందింది. పునాదిలో ఇసుక నింపి పైన గుడి నిలబెట్టారు, శిఖరంలో నీళ్ళ మీద తేలేంత తేలిక ఇటుకలు వాడారు. నాకు నచ్చేది గుడి కన్నా గుడి నుంచి చెరువుకట్ట మీదికి పోయే నడక. గుడి, చెరువు, ఊరు మూడూ కలిపి కట్టారు కాకతీయులు. గుడి ఒక్కటే చూసి తిరిగిపోతే మూడో వంతే చూసినట్టు. అక్కడి నుంచి గణపురం కోటగుళ్ళు ఒక పూట నడక. అవి 22 గుళ్ళ సముదాయం. రామప్పకు వచ్చే జనంలో చాలామంది అక్కడిదాకా పోరు.

చివరికి పాండవుల గుట్ట, భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర. పాతకాలం వాళ్ళు బొమ్మలు గీసిన ఇసుకరాతి కొండలు అవి. 1990లో ఆ బొమ్మలు పరిశోధకుల కంటపడ్డాయి. అడవిదున్న, జింక, పులి, విల్లూ బాణం పట్టిన మనుషులు, ఎరుపూ పసుపూ ఆకుపచ్చా తెలుపూ రంగుల్లో. ఒకచోట రెండు రాతిగోడల నడుమ ఇరుకు సందు ఉంటుంది. మనిషి పక్కకు తిరిగి దూరాలి. నిటారుగా లేచిన బండలు, పైన సన్నగా ఆకాశం. అక్కడ నా పొన్ను రాతి మీద మోగితే ఆ మోత ముందున్న సారు దాకా వినిపిస్తుంది, ఆయన ఆగుతాడు. బొమ్మల మీద తమ పేర్లు గీకినవాళ్ళూ ఉన్నారు. వేల ఏళ్ళు నిలిచిన రంగు ఒక్క మేకు గీతకు పోతుంది. గుంపుగా, దారి తెలిసిన మనిషితో వచ్చినవాళ్ళు అలా గీకగా నేను చూడలేదు. పక్కన పదిమంది చూస్తుంటే ఎవరి చేతికీ మేకు రాదు.

ఓరుగల్లు నుంచి ఖిలాషాపూర్‌, గణపురం, రామప్ప, పాండవుల గుట్ట దాకా ఒక నడకదారి గుర్తించడానికి కొండలు తవ్వక్కర్లేదు, అద్దాల మేడలు కట్టక్కర్లేదు. మలుపు మలుపునా ఒక గుర్తు పలక, ఊరికో రెండు ఇళ్ళల్లో పడక, ఆ ఊరి జొన్నరొట్టె, ఆ ఊరి పిల్లలకు దారి చూపే శిక్షణ, దానికి తగిన కూలి చాలు. దీనికన్నా ముందు మట్టికోటను మొరం కోసం తవ్వకుండా ఆపాలి. ఈటె దిగని గోడ జేసీబీ ముందు ఆగదు.

కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. పొద్దు పొడవకముందే తూర్పుకోట దగ్గరికి రండి. గట్టి చెప్పులు వేసుకోండి, నీళ్ళ సీసా తెచ్చుకోండి, తినడానికి మాత్రం ఏమీ తేకండి, ఊళ్ళోనే తినండి. మీ ఇంట్లో మెల్లగా నడిచే పెద్దవాళ్ళుంటే వాళ్ళనూ తీసుకురండి.