చెవి వెనకాల ఎముక మీద

నేను శ్రుతిదండాన్ని. భివండీలోని అంజూర్ ఫాటాలో ఒక చెవి డాక్టరు గారి సొరుగులో ఉంటాను. తట్టితే సెకనుకు 512 సార్లు కంపిస్తాను. 1711లో లండన్ వాద్యకారుడు జాన్ షోర్ మా జాతిని పుట్టించింది శ్రుతి సరిచూసుకోవడానికి. వైద్యులు వెబర్ 1834లో, రిన్నే 1855లో మా చేత చెవుల గుట్టు చెప్పించారు.

భివండీ సాంచాల (మరమగ్గాల) ఊరు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు పద్మానగర్‌లో తరాలుగా ఉంటున్నారు. కార్ఖానాలో పక్కవాడికి మాట చెప్పాలన్నా చెవిలో అరవాల్సిందే. అందుకే, వినబడటం లేదని ఎవరొచ్చినా "సాంచాల చప్పుడుకే" అనేయడం తేలిక. గుబిలి గట్టిపడినా, కర్ణభేరికి చిల్లు పడినా రోగులు చెప్పేది "వినబడటం లేదు" అనే కదా!

డాక్టరు గారు నన్ను తట్టి నుదుటి నడుమ ఆనిస్తారు.

"ఏ చెవుల ఎక్కువ ఇనవడ్తంది తాతా?"

"ఎడమ దాంట్ల సారూ. గదే గదా చెవుడు!"

తాత ఆశ్చర్యపోతాడు గాని, డాక్టరు గారికి దారి దొరికినట్టే. నా నాదం ఎముక గుండా నేరుగా లోపలి చెవికి చేరింది. అడ్డు బయటి దారిలోనే ఉందన్నమాట. లోపలి చెవే చెడితే నాదం మంచి చెవి వైపు పోయేది.

తర్వాత నన్ను చెవి దొప్ప వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద నిలబెడతారు. కాస్త కిందికి జారి మెడ కండ మీద పడితే నా సాక్ష్యం నమ్మదగింది కాదు. ఇంకో మోసం ఉంది. ఒక చెవి పూర్తిగా చచ్చిపోయినా, పుర్రె నా నాదాన్ని అవతలి చెవికి మోసుకుపోతుంది. రోగి "ఇనవడ్తంది" అంటాడు. పుర్రె సంగతి తెలిసిన వైద్యుడే అప్పుడు అవతలి చెవిని చప్పుడుతో కప్పి మళ్లీ అడుగుతాడు.

నా వల్ల కానిదీ ఒకటుంది, అదే నన్ను బాధపెడుతుంది. లోపలి చెవిలోని కర్ణావర్తం రెండున్నర చుట్ల నత్తగుల్ల. సన్నని, హెచ్చు స్వరాలు దాని మొదట్లో, మంద్ర స్వరాలు కొసన వినబడతాయి. సాంచాల మోత ముందుగా కొరికేది మొదటి చుట్టులో, 4000 హెర్ట్జ్ దగ్గరి రోమకణాలను. పోయినవి మళ్లీ మొలవవు. నా 512 పలికే చోటు అంతకంటే పైన, ఇంకా క్షేమంగా ఉంటుంది. కాబట్టి చెవి చెడటం మొదలైన కుర్రవాణ్ణి కూడా నేను బాగున్నాడనే చెబుతాను.

అందుకే మా డాక్టరు గారు నా మాటతో ఆగరు. సాంచాల మీద పనిచేసే వాళ్లకు చీటీ మీద ఆడియోమెట్రీ రాసి, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకునే పద్ధతి తమ వేళ్లతో చూపించి పంపుతారు.